రోజూ జనవరి ఒకటే

మార్చి 3, సోమవారం

కంప్యూటర్ లేవలేదు.

మధ్యాహ్నం రెండుంబావుకి మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది, పచ్చ దీపం వెలిగింది, నల్లటి తెర మీద నాలుగు వరుసల తెల్ల అక్షరాలు వచ్చాయి, అక్కడితో ఆగిపోయింది. ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ అవే నాలుగు వరుసలు. మూడోసారీ అంతే. మాట మీద నిలబడడం మా ఇంట్లో దానికొక్కదానికే తెలుసు.

సాయంత్రం ఆయన రాగానే చెప్పాను. "నువ్వేం నొక్కావు?" అన్నారు. ఈ ఇంట్లో ఏది పాడైనా మొదటి ప్రశ్న ఇదే. నీళ్ళ మోటారు కాలిపోయినప్పుడూ ఇదే అడిగారు.

పాడైతే పాడైంది. నాకేం పని దానితో.

మార్చి 4, మంగళవారం

ఆయన ఫోను చేస్తే మరిది వచ్చాడు. పక్క వీధే. గోడౌనులో బిల్లులు కొట్టే ఉద్యోగం కాబట్టి కంప్యూటర్ల మీద మా ఇంట్లో తుది తీర్పు అతనిది. చెప్పులు విప్పుతూ, పెట్టె వైపు ఇంకా చూడకుండానే, "ర్యామ్ పోయింది వదినా" అన్నాడు.

"తెర మీద ఏదో రాసి ఉంది, కాస్త చదువు" అన్నాను.

"అవి అందరికీ వస్తాయి వదినా. చదవకూడదు. చదివితే కంగారు పడతాం."

పెట్టె మూత తీసి, లోపలినుంచి దువ్వెనంత పలక ఒకటి పీకి, రబ్బరు కావాలన్నాడు. అత్తగారు గళ్ళ నుడికట్టుకు వాడే రబ్బరు తెచ్చి ఇచ్చాను. తప్పు లెక్క చెరిపే పిల్లవాడిలా పలక అంచుని పావుగంటసేపు రుద్దాడు. తిరిగి పెట్టి మీట నొక్కాడు. నాలుగు వరుసలు.

"ఇంకాస్త రుద్దాలి" అన్నాడు. ఈలోగా టీ చల్లారిపోయిందని రెండోది అడిగాడు.

మార్చి 5, బుధవారం

లేవలేదు. అత్తగారి రబ్బరు కనిపించడం లేదు. ఇంట్లో రెండు సమస్యలు. ఆవిడ దృష్టిలో ఒకటే.

మార్చి 6, గురువారం

నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాయడం ఏమిటని పొద్దున గిన్నెలు తోముతుంటే అనిపించింది. దానితో నాకు పని ఉంది.

రెండు వీధుల అవతల గ్రంథాలయంలో రికార్డు సహాయకురాలి ఖాళీ ఉంది. జనవరిలో ప్రకటన చూశాను. వయసు పరిమితి లేదు. దరఖాస్తుతోపాటు అభ్యర్థి సొంతంగా కంప్యూటర్‌లో తయారుచేసిన జాబితా ఒకటి జతపరచాలి, చేతిరాత చెల్లదు. అంతే షరతు. అటక మీద మూడు ట్రంకు పెట్టెల నిండా అత్తగారి పాత వారపత్రికలున్నాయి. మధ్యాహ్నాలు రోజుకు పదో పదిహేనో దించి, సంచిక సంఖ్య, తేదీ, ధారావాహికలు, చిరిగిన పేజీలు, అన్నీ పట్టికలో ఎక్కించాను. ఆరు వందల పన్నెండు సంచికలు. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదికి పూర్తయింది. ఇక అచ్చు తీయడమే కదా అని రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నాను. పెళ్ళయ్యాక తీసుకున్న విశ్రాంతి అదొక్కటే. ఫలితం కళ్ళారా చూశాను.

గడువు మార్చి 20.

ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆయన "ఆలోచిద్దాం" అంటారు. అసలీ కంప్యూటర్ కొన్నదే నా కోసం, రెండువేల పదకొండులో. "నేర్చుకో, ఏడాది తిరిగేసరికి ఎక్కడో ఒకచోట చేరుదువుగాని" అన్నారు. ఏడాది తిరిగాక అడిగితే ఆలోచిద్దామన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. తొందరపడే మనిషి కాదు. ఈలోగా దాని మీద ఆయన పేకాట నేర్చుకున్నారు, పాత మ్యాచ్‌లు చూడడం నేర్చుకున్నారు.

ఇవాళ్టినుంచి దీనికీ ఒక పుస్తకం పెడుతున్నాను. గ్యాసు బండ ఎన్ని రోజులొచ్చింది, ట్యాంకు ఎన్నింటికి నిండింది, అన్నిటికీ పుస్తకాలున్న ఇంట్లో దీనికి లేకపోవడం లోపమే. తేదీ, వేళ, ఎవరు ముట్టుకున్నారు, ఏం జరిగింది. నాలుగు గళ్ళు. దోషి ఎవరో గళ్ళే చెబుతాయి. వస్తువు దానంతటది పాడవదు, ఎవరో ఒకరు పాడుచేస్తారు.

నా వైపునుంచి లోపం లేదు. రోజూ పడుకోబోయే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపనిదే మంచమెక్కను. పద్నాలుగేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు. కీబోర్డుకి గుడ్డ తొడుగు కూడా నేనే కుట్టాను. ఎవరూ వాడని పై వరుస బొత్తాలను పూర్తిగా కప్పేసి, అక్షరాలూ అంకెలూ ఉన్నంతమేర తెరిచి ఉంచాను. ఆ పై బొత్తాలు ఇప్పటికీ కొన్ననాటి నలుపుతో ఉండి ఉంటాయి. చూసి చాలా ఏళ్ళయింది.

మార్చి 8, శనివారం

నిఘంటువు పక్కన పెట్టుకుని తెర మీది నాలుగు వరుసలూ చదివాను. మొదటి మూడూ దాని సొంత గోల. నాలుగోది మాత్రం నాకే: కొనసాగించాలంటే ఎఫ్1 నొక్కండి. ఎంత మర్యాదగా అడుగుతోంది. ఇంత చిన్న పనికి మరిది రెండు టీలు తాగిపోయాడు.

ఎఫ్ నొక్కాను. తరువాత ఒకటి నొక్కాను. ఏమీ కాలేదు.

ఎఫ్ పట్టుకుని ఒకటి నొక్కాను. ఒకటి పట్టుకుని ఎఫ్ నొక్కాను. రెండూ ఒకేసారి. పెద్ద ఎఫ్, చిన్న ఎఫ్. మధ్యలో ఖాళీ వదిలి. మొత్తం పదకొండు రకాలు, అన్నీ పుస్తకంలో రాశాను. దేనికీ చలించలేదు.

ఆయన వెనకాల నిలబడి చూస్తున్నారు. "నెమ్మదిగా నొక్కు. దానికి వినపడుతుందిలే" అన్నారు.

మార్చి 9, ఆదివారం

మరిది మళ్ళీ వచ్చాడు. పెట్టె మొత్తం విప్పాడు, మొత్తం బిగించాడు. రెండు మరలు మిగిలాయి.

"ఇవి ఎక్స్‌ట్రా వదినా. కంపెనీవాళ్ళు ఎప్పుడూ రెండు ఎక్కువే పెడతారు."

పద్నాలుగేళ్ళు లోపల పనిచేసి, ఇవాళ మధ్యాహ్నం నుంచి ఎక్స్‌ట్రా అయ్యాయి పాపం.

మీట నొక్కితే నాలుగు వరుసలు. అతను చేతులు తుడుచుకుని, "ఇక లాభం లేదు. వచ్చే ఆదివారం డిస్కు తెచ్చి ఫార్మాట్ కొట్టేస్తాను. కొత్తదానిలా అయిపోతుంది" అన్నాడు.

"లోపల ఉన్నవి?"

"లోపల ఏమున్నాయి వదినా? అన్నయ్య పేకాటే కదా. మళ్ళీ ఎక్కించేద్దాం."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

మార్చి 10, సోమవారం

ఫార్మాట్ కొట్టడమంటే అంతా తుడిచిపెట్టడమట. ఆదివారానికి ఇంకా ఆరు రోజులు.

మార్చి 12, బుధవారం

బజారులో టైపు షాపుకి వెళ్ళాను. ఆరువందల పన్నెండు సంచికలు మళ్ళీ కొట్టిపెట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందో అడుగుదామని. గుమ్మంలో ఉండగానే షాపాయన కుర్చీలోంచి లేచి, "రండమ్మా, సారు పొద్దున్నే కనపడ్డారు. ఏం కావాలి?" అన్నాడు.

"పెన్ను" అన్నాను.

నేను ఇంటికి వచ్చి చీర మార్చుకునేలోపే ఆయన ఫోను. "పెన్ను కొన్నావట? ఇంట్లో లేవా?" మా వీధిలో కబురుకి నా చెప్పులకన్నా వేగం ఎక్కువ.

మార్చి 13, గురువారం

ఇప్పటికి మీట నొక్కినవి నలభై ఒక్కసార్లు. లేచింది సున్నా. ముట్టుకున్నవారి గడి కూడి చూశాను: మరిది ఆరు, ఆయన నాలుగు, అత్తగారు సున్నా. మిగతావి ఎవరివో కూడలేదు.

మార్చి 15, శనివారం

రేపే ఆదివారం. మరిదిని రావద్దనడానికి కారణం ఒక్కటీ దొరకలేదు. ఉన్న కారణం చెప్పేది కాదు.

మధ్యాహ్నం తెర ముందు కూర్చున్నాను. ఎఫ్, ఒకటి. ఎఫ్, ఒకటి. అత్తగారు రబ్బరు వెతుక్కుంటూ వచ్చారు. పది రోజులుగా ఆవిడ వెతకని చోటు లేదు. బల్ల కింద చూశారు, పెట్టె వెనక చూశారు, చివరికి కీబోర్డు తొడుగు పైకెత్తారు.

"అది తీయకండి అత్తయ్యా, దుమ్ము పడుతుంది" అన్నాను.

"రబ్బరు దీనికిందికి దూరిందేమో చూడనీ." కళ్ళజోడు సర్దుకుని వంగారు. "ఇదేమిటే, ఇక్కడ ఇన్ని బొత్తాలు దాచావు. ఎఫ్ ఒకటి, ఎఫ్ రెండు, ఎఫ్ మూడు... పన్నెండు దాకా ఉన్నాయి. నువ్వు వారంనుంచి జపం చేస్తున్న ఎఫ్ ఒకటి ఇదేనా?"

అదే. ఎఫ్, ఒకటి, రెండూ ఒకే బొత్తం మీద. కొన్ననాటి నలుపుతో తళతళలాడుతోంది.

నొక్కాను. లేచింది.

నేను పుస్తకంలో ఏమీ రాయలేదు. ఏ గడిలో రాయాలో తెలియలేదు.

"ఊరికే కూర్చుంటావేం, నీ జాబితా తీసుకో. రేపు నా రెండో కొడుకు వచ్చి తుడిచేస్తాడట కదా" అన్నారు అత్తగారు.

నేను నోరు తెరిచేసరికి ఆవిడే అన్నారు: "రెండు నెలలుగా నా పెట్టెలు దించుతుంటే నాకు కనపడదనుకున్నావా? కళ్ళకి ఆపరేషన్ చేయించింది నువ్వే. సరేగాని, దొరగారి బంగళా సీరియల్ చివరి భాగాలు ఉన్నాయా?"

"రెండు సంచికలు లేవు అత్తయ్యా."

"ఆ రెండూ మా చెల్లెలు పట్టుకుపోయింది. అడిగితే తీసుకోలేదంటుంది. రాసుకో."

రాశాను. పక్కనున్న ప్రింటరులో అచ్చు తీస్తే పట్టిక ఇరవై ఆరు పేజీలు వచ్చింది. మూడుసార్లు సరిచూశాను. ఉత్తరం ఎప్పుడో సిద్ధం చేసిందే. దాని మీద తేదీ కూడా నేను వేయనక్కరలేదు, ఏ రోజు తెరిస్తే ఆ రోజు తేదీ అదే వేసుకునేలా జనవరిలోనే అమర్చాను. ఇలాంటి ముందుచూపు ఈ ఇంట్లో ఇంకొకరికి లేదు. సంతకం పెట్టి కవరు అంటించాను. ఒక ప్రతి నా బీరువాలో.

తెర మూలన మాత్రం జనవరి ఒకటి అని చూపిస్తోంది. పన్నెండు రోజులు పడుకుని లేచిన దానికి తేదీ ఏం తెలుస్తుంది.

మార్చి 16, ఆదివారం

పొద్దున మళ్ళీ నాలుగు వరుసలే. ఇప్పుడు నాకు మందు తెలుసు. ఎఫ్1 నొక్కాను, లేచింది. మరిది డిస్కు పట్టుకుని వచ్చేసరికి ఆయన పేకాట ఆడుతున్నారు.

"చూశారా వదినా, ఆ రోజు నేను రుద్దిన రుద్దుడు. పనిచేయడానికి కాస్త టైము తీసుకుంటుంది."

ఫార్మాట్ అవసరం లేదన్నాడు. ఆ మాట కోసం మూడు టీలైనా ఇచ్చేదాన్ని.

మార్చి 17, సోమవారం

కవరు గ్రంథాలయంలో ఇచ్చాను. గుమస్తా ముద్ర కొట్టి రసీదు ఇచ్చాడు. గడువుకి మూడు రోజుల ముందే. పని అంటే అలా ఉండాలి.

మార్చి 19, బుధవారం

ఆయన మ్యాచ్‌లు తెరుచుకోవడం లేదట. ఏది నొక్కినా, మీ గడియారం తప్పు అంటోందట. నాకు పన్నెండు రోజులు లేవకపోతే మరిది చాలు. ఆయనకి మూడు రోజులు మ్యాచ్ రాకపోతే అసలు మెకానిక్కే కావాలి. వచ్చాడు.

తెర చూశాడు. ఆ నాలుగు వరుసలూ చదివాడు, నలభై ఏళ్ళు పైబడిన మనిషి, కంగారేమీ పడలేదు. నా పుస్తకం ఇస్తే అది కూడా మొదటి పేజీనుంచి చదివాడు.

"అమ్మా, ఇంత వివరంగా ఎవరూ రాసి ఇవ్వరు. ఒక్కటే రాయలేదు. రాత్రిళ్ళు గోడ దగ్గర స్విచ్ ఎవరు ఆపుతారు?"

నేను పుస్తకం వెనక్కి తీసుకోబోయాను.

"ఈ ఇంట్లో స్విచ్చులు ఆపే మనిషి ఒక్కతే నాయనా" అన్నారు అత్తగారు, నుడికట్టులోంచి తలెత్తకుండా.

అతను పెట్టె విప్పి, చొక్కా బొత్తమంత సెల్లు ఒకటి బయటికి తీశాడు. "కరెంటు ఉన్నంతసేపూ దీనికి పని లేదమ్మా. గోడ దగ్గర ఆపితే మాత్రం లోపలి గడియారం నడపాల్సింది ఇదే. పద్నాలుగేళ్ళు రాత్రిపూట డ్యూటీ చేసింది. ఇక ఓపిక అయిపోయింది. మీరు ఆపినప్పుడల్లా అన్నీ మరిచిపోయి, తయారైన ఏడాదికి పోతోంది. రోజూ పొద్దున దానికి రెండువేల పదకొండు జనవరి ఒకటే."

పాడుచేసింది నేను కాదు, సెల్లే పాతబడింది. అది వేరే సంగతి.

కొత్త సెల్లు వేశాడు. మిగిలిన రెండు మరలూ ఎక్కడివో అక్కడ బిగించాడు. పెట్టె అడుగునుంచి అత్తగారి రబ్బరు తీసి ఇచ్చాడు. వెళ్ళబోతూ అన్నాడు: "ఈ నాలుగు రోజుల్లో ఏమైనా కాగితాలు తీసుంటే తేదీ చూసుకోండమ్మా. కొన్ని ఉత్తరాల్లో తేదీ అదే పడిపోతుంది."

బీరువా తీశాను. ప్రతి తీశాను.

తేదీ: 1 జనవరి 2011.

కింద నా సంతకం. గుండ్రంగా, పూర్తిగా, ఏ అక్షరమూ వదలకుండా.

మార్చి 20, గురువారం

గ్రంథాలయం తలుపు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. సరైన తేదీతో ఉత్తరం తెచ్చాను, పాతది ఇచ్చేయమన్నాను.

"తీసుకున్నది తిరిగివ్వం" అన్నాడు గుమస్తా. "ఒకరికి ఒకటే. రెండోది తీసుకోం."

"తేదీ తప్పు పడిందండీ."

"ఎంత తప్పు?"

"పద్నాలుగేళ్ళు."

పెన్ను కింద పెట్టి నా మొహం చూశాడు. "రూలు రూలే అమ్మా" అన్నాడు, ఈసారి కాస్త మెల్లగా.

రికార్డులు చూసుకోవడానికి మనిషి కావాలన్నారు. తన ఉత్తరం మీద ఇవాళ ఏ ఏడాదో రాయడం రాని మనిషి పంపిన దరఖాస్తు. ఎవరు పిలుస్తారు. నేనే అయితే పిలవను.

మార్చి 24, సోమవారం

పిలిచారు. గురువారం పదకొండింటికి. ఉత్తరం ఆయన చేతికి ఇచ్చిపోయారు.

"గ్రంథాలయమేమిటి? ఎప్పుడు రాశావు? నాతో ఒక్క మాట అనలేదే" అన్నారు.

"అందామనుకున్నాను. ఆలోచిస్తున్నాను" అన్నాను.

కాసేపు ఆ కాగితాన్నే తిప్పితిప్పి చూశారు. తరువాత ఎవరినీ ఉద్దేశించకుండా, "అయితే సాయంత్రం టీ ఎవరు పెడతారు?" అన్నారు.

"నాకు నువ్వు పెట్టు. చిన్నవాడు వస్తే వాడికీ పెట్టు. వాడు రెండు తాగుతాడు" అన్నారు అత్తగారు.

అన్నం తినేటప్పుడు ఆయన, ఆ జాబితాలో ఎన్ని సంచికలని అడిగారు. చెప్పాను. "ఆరు వందలా?" అన్నారు. పన్నెండు కూడా ఉన్నాయన్నాను.

మార్చి 27, గురువారం

రెండు రోజులుగా సెల్లు గురించి చెప్పడం అభ్యాసం చేశాను. గోడ స్విచ్, లోపలి గడియారం, బొత్తం సెల్లు. నాలుగు వాక్యాల్లోకి కుదించాను. దారి పొడవునా వల్లెవేసుకుంటూ వెళ్ళాను.

గ్రంథాలయాధికారిణి నా వయసు ఆవిడే. బల్ల మీద నా ఇరవై ఆరు పేజీలు, అక్కడక్కడా పెన్సిలు గీతలు. చివరి గడి మీద వేలు పెట్టారు.

"ఇక్కడ 'లేవు' అని రాసి వదిలేయకుండా, 'మా అత్తగారి చెల్లెలు పట్టుకెళ్ళారు' అని రాశారు."

"ఎవరి దగ్గర ఉందో తెలిస్తే పోయినట్టు కాదు కదండీ."

"మా దగ్గర మూడు బీరువాల పుస్తకాలు 'లేవు' అనే రాసి ఉన్నాయి" అన్నారు ఆవిడ. తరువాత ఉత్తరం తీసి నా వైపు తిప్పారు. "ఇది కూడా చెప్పండి. దీని ప్రకారం ఈ దరఖాస్తు మీరు పద్నాలుగేళ్ళ కిందట రాశారు."

నాలుగు వాక్యాలూ నోటి దాకా వచ్చాయి. గోడ స్విచ్ దగ్గర మొదలుపెట్టాలి.

"రాయడం అప్పుడే రాశానండీ" అన్నాను. "పంపడమే ఆలస్యమైంది."

ఆవిడ కళ్ళజోడు తీశారు. కాగితం వెనక్కి తిప్పి గుమస్తా కొట్టిన ముద్ర చూశారు.

"మాకు చేరింది మాత్రం పదిహేడున. గడువులోపలే ఉంది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "సోమవారంనుంచి రాగలరా? తొమ్మిదిన్నరకి. ఆ మూడు బీరువాలతో మొదలుపెడదాం."

ఇంటికి వచ్చి చెప్పాను. అత్తగారు వాళ్ళ చెల్లెలికి ఫోను చేశారు. ఆ రెండు సంచికలూ ఇక గ్రంథాలయం వ్యవహారమట, మర్యాదగా ఇచ్చేయాలట.

మార్చి 31, సోమవారం

ఇవాళ ఆయనకి సెలవు. నేను తల దువ్వుకుంటుంటే ముందు గదిలోంచి పిలిచారు.

"ఏమే, ఇది మళ్ళీ లేవట్లేదు. ఫ్యాను కూడా తిరగడం లేదు."

గుమ్మం దగ్గరికి వచ్చి చూశాను. పెట్టె చూశాను, తెర చూశాను, నిన్న పడుకోబోయే ముందు నేను ఆపిన గోడ స్విచ్ చూశాను. అలాగే ఉంది.

"మీరేం నొక్కారు?" అని చెప్పులు వేసుకున్నాను.